టెలిఫోనమ్మ చెవులు

టెలిఫోనమ్మ చెవిలో పెట్టుకున్నది మామూలు మిషను కాదని వీధి వీధంతా చెప్పుకుంటోంది. దానికి తీగ అక్కర్లేదట, గాల్లోనే ఫోను తగులుకుంటుందట. ఆవిడ ఫోను ఒక్కటే అయితే ఎవరికీ బాధ లేకపోయేది. చుట్టుపక్కల ఇళ్లలో మోగే ఫోన్లన్నీ అందులోకే వచ్చి పడతాయట. ఈ సంగతి కనిపెట్టింది మూల మీద ఇస్త్రీ చేసే ఆయన. "నేను మా బావమరిదితో ఫోన్లో మాట్లాడుతున్నాను. ఆవిడ బట్టలు తీసుకోడానికొచ్చి నా వంక చూసి నవ్వింది. ఊరికే ఎందుకు నవ్వుతుందండీ మనిషి?" అని అడిగాడు. అప్పటినుంచి జనం ఆ ఇంటి ముందుకొచ్చేసరికి నోరు మూసుకుని, ఇల్లు దాటాక మళ్లీ తెరుస్తున్నారు. ఎదురింటి టైలరమ్మ అయితే ఫోను పట్టుకుని మేడెక్కి, నీళ్ల ట్యాంకు వెనక చేరి మరీ మాట్లాడుతోంది.

వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. పెళ్లికి ముందునుంచీ జుట్టు నెరిసేదాకా ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసిన మనిషి. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆవిడ చేతుల మీదుగా వెళ్లాల్సిందే. ఎదురుగా బీరువా అంత బోర్డు ఉండేది. దాని నిండా వరసగా చిల్లులు, ఒక్కో చిల్లు ఒక్కో ఇల్లు. ఎవరైనా ఫోనెత్తితే ఆ ఇంటి చిల్లు మీద బుల్లి దీపం వెలిగేది. అందులో తీగ గుచ్చి "నంబరు చెప్పండి" అనాలి. వాళ్లు చెప్పిన ఇంటి చిల్లులో ఇంకో తీగ గుచ్చాలి. అంతే, రెండిళ్లూ కలిసిపోయేవి. చాలామంది నంబరు చెప్పేవాళ్లే కాదు. "మా అత్తగారింటికి ఇవ్వమ్మా" అనేవాళ్లు. ఎవరి అత్తగారిల్లు ఏదో ఆవిడకు తెలుసు. అవతలి మనిషి ఫోనెత్తి ఊపిరి పీల్చగానే ఎవరో చెప్పేసేది. తన చెవుల మీద ఆవిడకున్న గర్వం అంతా ఇంతా కాదు.

పై ఊరికి మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసుకుని, స్నానానికి కూడా వెళ్లకుండా ఫోను పక్కన కాపలా కూర్చోవాలి. తీరా లైను దొరికితే మూడు నిమిషాలు. అందులో సగం "హలో, హలో" అని అరవడానికే సరిపోయేది. ఒకాయన తనకు పిల్ల పుట్టిందని తమ్ముడికి చెప్పడానికి పొద్దుటినుంచి కాచుకుని, లైను దొరికాక అక్కడ వానలు పడుతున్నాయా, నీ జలుబు తగ్గిందా అని అడుగుతూ కూర్చున్నాడు. మూడు నిమిషాలు కాగానే ఆపరేటరు మధ్యలో దూరి "టైమయింది, పొడిగించమంటారా?" అనడం పద్ధతి. "నాకు కూతు..." అన్నాడాయన. లైను తెగిపోయింది. మిగతాది అవతలి ఎక్స్ఛేంజిలో ఆపరేటరే ఆ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది.

ఆ అవతలి ఆపరేటరే అక్క. సొంత అక్క కాదు, లైను మీది అక్క. పని లేనప్పుడు ఇద్దరూ "లైను పరీక్ష చేస్తున్నాం" అని పై ఆఫీసరుకు చెప్పి కబుర్లు చెప్పుకునేవాళ్లు. అన్నేళ్లపాటు అంత బాగా పరీక్షించిన లైను దేశంలో ఇంకోటి ఉండి ఉండదు. పెళ్లిళ్లు, కాన్పులు, అత్తగార్లు, పిల్లల దగ్గులు, అన్నీ ఆ తీగ మీదే నడిచాయి. కానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకరు సెలవు పెడితే రెండోవారు బోర్డు వదలడానికి వీల్లేదు. ఉద్యోగాలు అయిపోయాక ప్రయాణానికి మోకాళ్లు ఒప్పుకోలేదు.

ఒకనాడు లారీ వచ్చి బోర్డును ఎక్కించుకుపోయింది. దాని బదులు గదంత యంత్రం వచ్చింది. ఊరి జనం వాళ్ల వేళ్లతో వాళ్లే నంబర్లు తిప్పుకోవడం మొదలుపెట్టారు. అది తనకు జరిగిన అవమానంగానే తీసుకుంది టెలిఫోనమ్మ. తర్వాత ఫోను బల్ల మీదినుంచి జేబులోకి వచ్చింది, తీగ ఊడిపోయింది, ఆనక మనిషి మొహమే అందులో కనపడటం మొదలైంది. అన్నీ మారాయి, ఆవిడ అలవాటు మాత్రం మారలేదు. పని మీద పై ఊరు వెళ్లిన కొడుకు ఫోన్ చేసినా సరే, మూడు నిమిషాలు కాగానే "టైమయింది" అని పెట్టేసేది. "మా అమ్మ ఇంకా డ్యూటీ దిగలేదు" అని కొడుకు నవ్వేవాడు.

గత రెండేళ్లుగా ఆ అలవాటే ఆవిడను కాపాడుతూ వచ్చింది. ఎందుకంటే ఆవిడకు వినపడటం మానేసింది.

ఈ సంగతి ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. ఎదుటివాళ్ల పెదాలు చూసి సగం పట్టేసేది. మిగతా సగానికి ఆవిడ దగ్గర మూడు జవాబులుండేవి. "అలాగా", "అంతే మరి", "చూద్దాంలే". ఈ మూడింటితో లోకంలో ఎలాంటి సంభాషణనైనా ఈదేయొచ్చని ఆవిడ కనిపెట్టింది. ఫోనులో పెదాలు కనపడవు కాబట్టి అక్కడ టైమయిపోయేది. మరీ కష్టంగా ఉన్నప్పుడు కాస్త ముందే అయిపోయేది.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు కదా అంటే, ఆవిడ కళ్లముందు పాత హెడ్మాస్టరు కనపడేవాడు. ఆయన చొక్కా జేబులో సబ్బుపెట్టె అంత మిషను, దాన్నుంచి చెవిదాకా తీగ ఉండేవి. మనిషి కదిలితే అది కుయ్యిమని ఈల వేసేది. పాపం ఆయన ఫోను వస్తే రిసీవరు చెవికి కాకుండా గుండెకు పెట్టుకుని, తలవంచి జేబుకేసి "హలో" అనేవాడు. ఆ సంగతి చెప్పుకుని అక్కా, తనూ లైను దద్దరిల్లేలా నవ్వుకున్నారు. ఆపరేటరై ఉండి ఇప్పుడు జేబులో పెట్టె వేసుకోవడమా? దానికన్నా పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకుంది.

ఇంతలో అక్క కళ్లకు పొర కమ్మింది. ఒక సాయంత్రం ఫోన్ చేసి ఏదో చాలాసేపు చెప్పింది. టెలిఫోనమ్మ "అలాగా" అంది. అక్క ఏదో అడిగింది. "అంతే మరి" అంది. అక్క మళ్లీ ఏదో అడిగి ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూస్తే ప్రశ్నలాగే ఉంది. "చూద్దాంలే. టైమయింది అక్కా" అని పెట్టేసింది.

మర్నాడు అక్క ఫోన్ చేయలేదు. ఆ మర్నాడూ చేయలేదు. మొదట టెలిఫోనమ్మకు హాయిగానే ఉంది, ఒక గండం తప్పినట్టు. వారం తిరిగేసరికి ఆ హాయి కాస్తా పోయింది. తనే చేసింది. ఎవరూ ఎత్తలేదు.

ఒక పొద్దున కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అత్తయ్యా, ఇటు చూడండి" అంది. ఏం చెప్పాలన్నా కోడలు ముందు ఇలాగే అనేది. పిల్లది మర్యాద తెలిసిన మనిషి అనుకునేది టెలిఫోనమ్మ. "అక్కగారబ్బాయి ఫోన్ చేశాడు. ఆవిడ కంటి ఆపరేషన్ చేయించుకోనంటోందట."

"అదేం? ఎందుకట?"

"మీవల్లేనట."

"నావల్లా?"

"నాకు భయమేస్తోందే, చేయించుకోమంటావా మానేయమంటావా, నువ్వెలా చెబితే అలా చేస్తాను అని మిమ్మల్నే అడిగిందట. మీరు చూద్దాంలే అని ఫోను పెట్టేశారట. 'దానికే పట్టనప్పుడు నాకు చూపెందుకు' అని మూల కూర్చుందట ఆవిడ. ఇంకా ఆలస్యమైతే లోపల ముదిరిపోయి, కోసినా చూపు రాకపోవచ్చని డాక్టరు అంటున్నాడట."

"నేనలా ఎందుకంటాను? అనలేదు."

"అన్నారు. నేను పక్కనే ఉన్నాను. మీకు వినపడలేదు."

"ఎవరికి? నాకా? నేను ఆపరేటర్ని!"

"అత్తయ్యా, మీ వెనక కుక్కరు కూస్తోంది."

టెలిఫోనమ్మ వెనక్కి తిరిగి చూసింది. వంటింటి గడపలోంచి కుక్కరు కనపడుతోంది. ఆవిరి కప్పుదాకా చిమ్ముతోంది. చడీచప్పుడూ లేదు. దాన్ని ఆవిడ చాలాసేపు చూసింది.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"రెండేళ్లయింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. మీరు అలాగా అన్నారు."

కోడలు లేచి వెళ్లి స్టౌ కట్టేసి వచ్చి మళ్లీ ఎదురుగా కూర్చుంది. టెలిఫోనమ్మ గొంతు తగ్గించింది. తగ్గించానని ఆవిడ అనుకుంది కానీ ఎదురింటి టైలరమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

"నువ్వే అక్కకి చెప్పేయ్. నాకు ఒంట్లో బాగుండలేదని, ఆపరేషన్ చేయించుకోమన్నానని."

"వాళ్లబ్బాయితో చెప్పించి చూశాను. 'దాని నోటితోనే చెప్పించు, నా మాటకు అది జవాబు చెప్పాలి' అంటోందట."

"చెవుడని తెలిస్తే నవ్వుతుందే."

"నవ్వనివ్వండి. మీకెలాగూ వినపడదు."

రాసి పంపుదామంటే అక్కకు కనపడదు. మాట్లాడదామంటే తనకు వినపడదు, అరచేతంత ఫోనులో పెదాలూ ఆనవు. మొహాలు చూసుకునే ఫోన్లు ఇంటింటికీ వచ్చిన రోజుల్లో, లోకమంతటినీ కలిపిన ఇద్దరు ఆపరేటర్లకు ఒకరితో ఒకరు మాట్లాడుకునే దారి లేకుండా పోయింది. ఆ మధ్యాహ్నమే టెలిఫోనమ్మ చెప్పులేసుకుని "పద" అంది.

చెవుల ఆస్పత్రిలో ఒక అమ్మాయి ఆవిడను చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. హెడ్‌ఫోను బరువు తల మీద పడగానే టెలిఫోనమ్మ నడుము దానంతటదే నిటారుగా అయింది. "నంబరు చెప్పండి" అంది.

"నంబరు కాదు మామ్మగారూ. చప్పుడు వినపడితే బటన్ నొక్కాలి. అంతే" అని అమ్మాయి కాగితం మీద రాసి చూపించింది.

ఇక్కడా ఓడిపోవడం టెలిఫోనమ్మకు ఇష్టం లేదు. అద్దంలోంచి ఆ అమ్మాయి మొహం కనపడుతోంది. ఆ కనురెప్ప కదిలితే చాలు, నొక్కింది. మోచెయ్యి కదిలితే నొక్కింది. ముక్కు గోక్కుంటే రెండుసార్లు నొక్కింది. బాగానే చేస్తున్నానని కోడలి వంక చూసి తలెగరేసింది. కాసేపటికి అమ్మాయి తలుపు తీసుకుని లోపలికొచ్చి మళ్లీ కాగితం పట్టుకుంది.

'నేనింకా మిషను ఆన్ చేయలేదు మామ్మగారూ.'

ఆ తర్వాత ఆవిడను గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు.

కొన్నాళ్లకు మిషను చేతికొచ్చింది. చిక్కుడు గింజంత ఉంది. టెలిఫోనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది సరే. పెట్టె ఏది?" అంది. అమ్మాయికి అర్థం కాలేదు. జేబులో పెట్టుకునే పెట్టెల కాలం ఆ పిల్ల పుట్టకముందే పోయింది. "ఇంకేం లేదు మామ్మగారూ, ఇదే మొత్తం" అని చెవి వెనక తగిలించింది.

ముందు ఏదో గరగరలాడింది. తన బట్టలే. తర్వాత గోడ గడియారం. ఆ తర్వాత ఎవరో ముసలావిడ కీచుగొంతుతో "అబ్బో" అంది.

"ఎవరే ఆవిడ?" అంది టెలిఫోనమ్మ.

"మీరే" అంది కోడలు.

ఇంటికొచ్చాక హాల్లో కూర్చుంటే వంటింట్లోంచి మాటలు వినిపించసాగాయి. కోడలు తనలో తను మాట్లాడుకుంటోంది. గరిటె ఎక్కడ పెట్టానో, పాలు పొంగకుండా చూడాలి, ఇదిగో ఈ మూత ఎప్పుడూ ఇంతే, అంటూ ఆపకుండా. రెండేళ్లుగా ఈ ఇంట్లో ఇన్ని మాటలు దొర్లుతున్నాయా అని ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఎంత మొండిదో మహాతల్లి! రెండేళ్లు నడిపింది నాటకం" అన్న మాట కూడా వచ్చింది.

"మొండిదాన్నే" అంది టెలిఫోనమ్మ హాల్లోంచి.

వంటింట్లో గరిటె కింద పడింది.

ఆ సాయంత్రం అక్కగారబ్బాయి ఫోను తెచ్చి తల్లి ముందు పట్టుకున్నాడు. మొహం కనపడే ఫోను. అక్క ఇంత చిన్న మనిషని టెలిఫోనమ్మ కలలో కూడా అనుకోలేదు. ఆ గొంతును బట్టి ఆరడుగుల మనిషిని ఊహించుకుంది ఇన్నాళ్లూ. దిండుకు ఆనుకుని కూర్చున్న ఆ చిన్న మొహం, కళ్లలో తెల్లటి పొర చూసేసరికి, తయారుచేసుకొచ్చిన మాటలన్నీ ఎగిరిపోయాయి.

"నువ్వేగా" అంది అక్క. "ఊపిరి తెలుస్తోందిలే. నాకు ఫోనంతా పాలు పోసినట్టుంది, ఏమీ కనపడి చావదు. టైమెప్పుడవుతుందో ముందే చెప్పు, నేనే పెట్టేస్తాను."

"అక్కా, నాకు చెవుడు."

అవతల ఏమీ వినపడలేదు. మిషను పాడైందేమోనని టెలిఫోనమ్మ చెవి తడుముకుంది.

"ఏమిటీ?" అంది అక్క.

"చెవుడు."

"ఏమిటీ?"

"చెవుడక్కా! ఖర్మ, నీకూ వచ్చిందా?"

"నాకేం రాలేదు. ఇంకోసారి విందామని."

ఆపైన అక్క నవ్వింది. పాత రోజుల్లో లైను దద్దరిల్లిన నవ్వు అది. ప్రతి ముక్కా టెలిఫోనమ్మకు వినపడింది.

"అంటే నీకు పట్టక కాదన్నమాట."

"ఒట్టు అక్కా, ఒక్క ముక్క వినపడలేదు."

"చెప్పి ఏడవొచ్చు కదే! నేనిక్కడ ఏడ్చి ఏడ్చి ఉన్న చూపు కూడా పోగొట్టుకుంటున్నాను. ఇంతకీ జేబులో పెట్టె వేసుకున్నావా, హెడ్మాస్టరులాగా?"

"పెట్టె లేదక్కా. చెవి వెనక గింజంత ఉంది. నువ్వు మాట్లాడుతుంటే నా తలలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. తీగ కూడా లేదు."

"మరి ఎక్కడ గుచ్చుతారే?"

"ఎక్కడా గుచ్చరట."

అక్క గొంతు మారింది. "మా అమ్మకి కంటి ఆపరేషన్ చేసినప్పుడు తలకి అటొకటి ఇటొకటి ఇసుక సంచులు పెట్టారే. కదిలితే కన్ను పోతుందన్నారు. చీకటి గదిలో రోజులకు రోజులు శవంలా పడుకుంది. ఇంతా చేస్తే సీసా అడుగంత మందం కళ్లద్దాలు. వాటితో మెట్లు కూడా దిగలేకపోయేది. నాకు అదే కనపడుతోంది. ఇంకేం కనపడకపోయినా అది కనపడుతోంది."

"ఇప్పుడు సంచులు లేవట. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఇంటికి పంపేస్తారట. లోపలే బుల్లి అద్దం పెడతారట."

"నీకెవరు చెప్పారు?"

"మా కోడలు."

"మీ కోడలు డాక్టరా?"

"కాదు. కానీ నా చెవుడు నాకన్నా ముందు కనిపెట్టింది."

అక్క ఆలోచించింది. "అయితే నీ పెట్టె పోయినచోటికే నా ఇసుక సంచులు కూడా పోయాయంటావు."

"అంతే మరి" అంది టెలిఫోనమ్మ. ఈసారి ఆ మాటను తెలిసే అంది. "చేయించుకో అక్కా. ఇది నేను చెబుతున్న జవాబు. నువ్వు లోపలికి వెళ్లి వచ్చేదాకా లైను మీదే ఉంటాను."

"మూడు నిమిషాలేనా?"

"పొడిగిస్తాను."

ఆపరేషన్ రోజున ఫోను అక్కగారబ్బాయి చొక్కా జేబులో ఉంది. టెలిఫోనమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని వింది. బండి చక్రాలు కిర్రుమన్నాయి. ఎవరో చెప్పులీడ్చుకుంటూ పోయారు. ఎవరి పేరో పిలిచారు, ఆ పేరు గల మనిషి పలకలేదు. మధ్యమధ్యలో అబ్బాయి పొట్ట గుర్రుమంది.

"పిన్నీ, మీరు పెట్టేయండి. అవగానే నేనే చేస్తాను" అన్నాడు అబ్బాయి.

"లైను వదిలేస్తే మళ్లీ దొరకదు నాయనా."

"ఇప్పుడు దొరుకుతుంది పిన్నీ."

"నాకు చెప్పకు. నువ్వు ముందు వెళ్లి ఏదైనా తిను. నీ కడుపు గోల భరించలేకపోతున్నాను."

కోడలు కాఫీ తెచ్చి పెట్టింది. అది తొరక కట్టింది. ఎవరిదో గొంతు "అయిపోయిందండీ, తీసుకెళ్లొచ్చు" అనేసరికి టెలిఫోనమ్మ కళ్లు మూసుకుంది.

"ఉన్నావటే?" అంది అక్క.

"లైను మీదే ఉన్నాను."

"అయిపోయిందే. సంచులేవీ అని అడిగాను. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చూసే ఉంటారులే, నా కంటికి మూత పెట్టారు."

మర్నాడు మూత తీశారు. అక్క ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది, కొడుకును పిలిచి "సరిగ్గా కలిపావా?" అని అడిగింది.

"ఏం అక్కా?"

"నువ్వు సన్నగా, పొడుగ్గా, రెండు జడలేసుకుని ఉంటావు కదే. ఈ లావుపాటి ముసల్దెవరు?"

"నువ్వు మాత్రం? మంచం మీద దిండు ఏదో, నువ్వేదో తెలుసుకోవడానికి నాకు సగం రోజు పట్టింది."

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు తేరిపార చూసుకున్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి ఏం మాట్లాడాలో తోచలేదు. చూస్తుంటే కొత్త మనుషుల ముందు కూర్చున్నట్టు సిగ్గేసింది. చివరికి అక్కే అంది, "ఇలా కాదు గానీ, కళ్లు మూసుకుని మాట్లాడుకుందామే. అప్పుడు నువ్వు నువ్వులాగే ఉంటావు."

అలాగే చేశారు. ఇప్పటికీ రోజూ సాయంత్రం అలాగే చేస్తున్నారు. ఎంతసేపు మాట్లాడుకుంటారంటే, కోడలు వచ్చి "అత్తయ్యా, టైమయింది" అని తట్టాల్సి వస్తోంది. "పొడిగించు" అంటుందావిడ కళ్లు తెరవకుండానే.

మిషను పెట్టుకున్న మొదటి వారంలో టెలిఫోనమ్మ వీధిని కూడా వింది. హారన్లు, మిక్సీలు, కుక్కలు, టైలరమ్మ కుట్టుమిషను, ఎవరో ఎవరినో గ్యాసు బండ గురించి తిట్టడం. రెండేళ్లుగా తను పోగొట్టుకున్నది ఇదేనా అనుకుంది. అందుకని అక్కతో కబుర్లు అయిపోగానే మిషను తీసి డబ్బాలో పెట్టి మూత వేసేస్తుంది. మర్నాడు అక్క ఫోన్ చేసే వేళ దాకా అది ఆ డబ్బాలోనే ఉంటుంది. ఆ సంగతి తెలియని జనం ఆ ఇంటి ముందు ఇంకా నోరు మూసుకునే నడుస్తున్నారు.